ఐదు అచ్చుల కాపురం

మాకు పెళ్ళయిందని నాకు తెలుసు. మా ఆయనకు తెలుసు. పెళ్ళి భోజనంలో గుత్తివంకాయ కూర కారమైందని ఇప్పటికీ చెప్పుకుంటున్న బంధువులందరికీ తెలుసు. తెలియనిది ఒక్క ప్రభుత్వానికే.

తెలియకపోతే నష్టమేమిటని మొదట్లో నేనూ అనుకున్నాను. అసలు ఆ రోజుల్లో నాకు దేంట్లోనూ నష్టం కనిపించేది కాదు. కొత్త కుక్కరు మొదటి విజిల్ వేస్తే చప్పట్లు కొట్టాను. గుమ్మం దగ్గర నా చెప్పుల పక్కన పెద్ద సైజు చెప్పుల జత కనిపిస్తే, ఎవరూ చూడకుండా వాటిని కాలితో ఇంకాస్త దగ్గరికి జరిపేదాన్ని. చిక్కల్లా, ఆ పెద్ద చెప్పులు ఆదివారం సాయంత్రం రైలెక్కి వెళ్ళిపోవడమే. నేను ఈ ఊరి జూనియర్ కాలేజీలో బోటనీ చెబుతాను. మా ఆయన త్రినాథ్ ఎక్కడో కొండల్లో పశువుల డాక్టరు. మా ఇద్దరికీ మధ్య ఒక రైలు, దాని తర్వాత ఒక బస్సు, ఆ తర్వాత ఎవరైనా దయతలిస్తే ఒక మోటారు సైకిలు ఉన్నాయి.

భార్యాభర్తలను ఒకే ఊళ్ళో ఉంచే కోటా ఒకటుందని, ఈ నెలాఖరు బదిలీల్లో మా ఆయన ఇక్కడికి వచ్చేయవచ్చని తెలిసిన రోజు నేను రెండు గ్లాసుల పాయసం ఒక్కదాన్నే తాగాను. కావలసిందల్లా పెళ్ళి సర్టిఫికెట్. ఈసారి తప్పితే మళ్ళీ మూడేళ్ళ దాకా బదిలీలు లేవు. మూడేళ్ళ పాటు ఆదివారం సాయంత్రాలు! అందుకే మర్నాడే సెలవు పెట్టి, పెళ్ళి ఫొటోలు పట్టుకుని మా ఊరి పౌరసేవా భవనానికి వెళ్ళాను.

గుమ్మం పక్కన పెద్ద బోర్డు పెట్టారు.

‘ఇందుమూలముగా యావన్మంది అర్జీదారులకు తెలియజేయడమేమనగా, ఆంగ్లభాష యందలి ఏ, ఈ, ఐ, ఓ, యు అను ఐదు అచ్చులును కలిగి, తొమ్మిది అక్షరములకు తగ్గని సంపూర్ణ పదము శీర్షికగా లేని ఏ అర్జీయును స్వీకరింపబడదు. అసంపూర్ణ పదములు వాడి అధికారుల అమూల్య సమయమును హరించువారు శిక్షార్హులు. ఇట్లు, ముఖ్య పాలనాధికారి.’

రెండుసార్లు చదివి, అర్థమైనట్టు మొహం పెట్టుకుని లోపలికి వెళ్ళాను. పెళ్ళిళ్ళ సీటులో కోదండపాణి గారని ఒక పెద్దమనిషి ఉన్నారు. కళ్ళజోడు నుదుటి మీద పెట్టుకుని, అదే కళ్ళజోడు కోసం బల్ల మీద వెతుక్కుంటున్నారు.

“పెళ్ళి సర్టిఫికెట్ కావాలండీ.”

“శీర్షిక?”

“మ్యారేజ్.”

ఆయన వేళ్ళు మడిచి లెక్కపెట్టి, ఎవరో పోయినట్టు తల అడ్డంగా ఊపారు. “ఏ ఉంది, ఐ ఉంది, ఈ ఉంది. ఓ, యు లేవమ్మా. పెద్ద సారు ఒప్పుకోరు.”

పెద్ద సారంటే శేషశయనం గారు. ఈమధ్య ఆయన ఏదో చల్లటి హోటల్లో జరిగిన ‘సంపూర్ణ పదం, సంపూర్ణ పాలన’ అనే శిక్షణకు వెళ్ళారట. అక్కడొకాయన తెర మీద ఎడ్యుకేషన్ అనే మాట అక్షరం అక్షరం విడదీసి, చూడండి, ఇందులో ఐదు అచ్చులూ ఉన్నాయి, అందుకే చదువు మనిషిని సంపూర్ణుణ్ణి చేస్తుంది అన్నాడట. శేషశయనం గారికి కళ్ళు చెమర్చాయట. ఇన్నేళ్ళూ అచ్చులు లోపించిన మాటలతో పాలన చేశానే అని ఆ పూట భోజనం కూడా సరిగా చెయ్యలేదట. ఆఫీసర్ అనే మాటలో ఏ, యు లేవని తెలిశాక తనను ఎవరూ ఆఫీసర్ అనకూడదని చెప్పి, గది తలుపు మీద ‘ఆథరైజ్డ్’ అని మాత్రం రాయించుకున్నారు. దేనికి ఆథరైజ్డ్ అని అడిగినవాళ్ళు లేరు.

“వెడ్డింగ్ అని రాసుకోండి పోనీ.”

“అందులో రెండే.”

“మాట్రిమొనీ?”

“మూడు. వైఫ్‌లో రెండు, హస్బెండ్‌లో రెండు. మీరు అడక్కముందే చెబుతున్నా, హస్బెండ్ అండ్ వైఫ్ అని కలిపి రాసినా నాలుగే. మొన్న ఒక జంట అలాగే రాసుకొచ్చారు. ఓ ఒక్కటి తక్కువైంది. పాపం, ఆ పిల్ల ఏడుస్తూ వెళ్ళింది.”

నా వెనక వరసలో ఉన్న పెద్దాయన ఓదార్పుగా నవ్వాడు. కుళాయి కనెక్షన్ కోసం తిరుగుతున్నాడట. వాటర్‌కి అచ్చులు చాలకపోతే ఎవరో సలహా ఇచ్చి ఆటోమొబైల్ అని రాయించారు. అర్జీ వెంటనే తీసుకున్నారు. తీసుకుని, శీర్షిక ప్రకారం వాహనాల సెక్షనుకు పంపారు.

“మరి కుళాయి ఇచ్చారా తాతా?”

“లైసెన్సు చూపించమన్నారమ్మా. మైలేజీ ఎంతిస్తాదని కూడా అడిగారు. రోజు విడిచి రోజు ఒక బిందె ఇస్తాది బాబూ అన్నాను. మైలేజీ తక్కువని రాసుకున్నారు.”

వాళ్ళ వీధిలో మురుగు కాలవ పూడిపోతే న్యుమోనియా శీర్షికన ఫిర్యాదు చేశారని కూడా ఆయనే చెప్పాడు. ఆరోగ్యశాఖ నుంచి ఇద్దరొచ్చి కాలవకు సిరప్ పోసి, వారం రోజులు గాలి తగలకుండా చూసుకోమని వెళ్ళారట.

కోదండపాణి గారు నా కష్టం చూసి గొంతు తగ్గించారు. “అమ్మా, ఆడవాళ్ళు కాపురం చెయ్యడానికి సంబంధించి మా దగ్గర ఆమోదం పొందిన మాట ఒకే ఒక్కటుంది. ఐదు అచ్చులూ ఉన్నాయి, సరిగ్గా తొమ్మిది అక్షరాలు. హౌస్‌మెయిడ్.”

“పనిమనిషా!”

“కోప్పడకండి. ఈ వారంలో నలుగురు కొత్త పెళ్ళికూతుళ్ళు అలాగే తీసుకెళ్ళారు. అత్తగార్లు కూడా అభ్యంతరం చెప్పలేదు.”

ఇంటికొచ్చేటప్పుడు కూరగాయల బజారులో ఆగాను. బజారంతా కాలిఫ్లవరే. ఈ చివర నుంచి ఆ చివర దాకా పెద్ద పెద్ద తెల్లటి పూలు. సంపూర్ణ పదం ఉన్న కూరగాయ అదొక్కటే కాబట్టి దానికి మాత్రమే లైసెన్సు ఇచ్చారట. బండి దగ్గరావిడ అటూ ఇటూ చూసి, “వంకాయలున్నాయి, కావాలా?” అని చెవిలో చెప్పినట్టు చెప్పి, కాలిఫ్లవర్ ఆకుల కింద నుంచి అరకిలో తీసి సంచిలో పడేసింది. దొంగవంకాయలు కొన్న ఉత్సాహంలో హౌస్‌మెయిడ్ సంగతి కాసేపు మరిచిపోయాను. కూర కూడా బ్రహ్మాండంగా కుదిరింది.

ఆ సాయంత్రం ఫోన్లో చెబితే మా ఆయన పడీ పడీ నవ్వారు.

“నా పేరు మీద పెట్టు. శని, ఆదివారాలు అంట్లు తోమేది నేనేగా!”

“ఏవండీ, నాకు ఏడుపొస్తుంటే మీకు నవ్వా?”

“సరే, ఆ నాలుగు అచ్చుల వాళ్ళకి ఓ ఒక్కటే తక్కువన్నావుగా. చివర ‘ఏవండోయ్’ అని కలిపి రాయమను. సరిపోతుంది.”

నవ్వొచ్చింది. కానీ ఫోను పెట్టాక గుమ్మం వైపు చూస్తే నా చెప్పులు మాత్రమే ఉన్నాయి. మర్నాడు పెద్ద సారునే కలవాలని నిశ్చయించుకున్నాను.

శేషశయనం గారి గదిలో ఏసీ తీవ్రంగా పనిచేస్తోంది. ఆయన నన్ను కూర్చోమనలేదు గాని ఎంతో మర్యాదగా నిలబడనిచ్చారు.

“చూడమ్మా, ప్రభుత్వ యంత్రాంగం భావోద్వేగాలకు అతీతమైనది. అచ్చులకు మాత్రమే లోబడి ఉంటుంది. మీ వివాహం పట్ల ఈ కార్యాలయానికి ఎటువంటి దురభిప్రాయమూ లేదు. అభిప్రాయమే లేదు. మీరు సంపూర్ణ పదంతో రండి. సంపూర్ణ సర్టిఫికెట్‌తో వెళ్ళండి.”

“పెళ్ళికి అటువంటి మాటే లేదు కదండీ.”

“లేదని ఎలా తీర్మానిస్తారు? అన్వేషణ చేశారా? యువతరంలో అన్వేషణాశక్తి సన్నగిల్లుతున్నది.” ఆయన గంట కొట్టారు. “కోదండపాణీ, వివాహ విషయమై మన పదకోశంలో ఏమున్నదో సమర్పించండి.”

కోదండపాణి గారు తలుపు సందులోంచి వణుకుతూ, “ఒకటుంది సార్. కన్‌సాంగ్వీనియస్. ఐదు అచ్చులూ ఉన్నాయి. పధ్నాలుగు అక్షరాలు సార్,” అన్నారు.

శేషశయనం గారు కుర్చీలోంచి సగం లేచారు. “పధ్నాలుగా!”

ఆ మాట నాకు తెలుసు. దగ్గరి రక్తసంబంధంలో చేసుకునే పెళ్ళికి, అంటే మన మేనరికానికి, డాక్టర్లు వాడే మాట అది. వద్దు వద్దని గోడల మీద రాసేటప్పుడు కూడా అదే వాడతారు.

“అటువంటి దివ్యమైన పదం ఉండగా మీరు మ్యారేజ్ వంటి కుంటి పదం పట్టుకుని తిరుగుతున్నారు! మీది మేనరికమేనా?”

“కాదండీ. మేం కోనసీమ వాళ్ళం, వాళ్ళు శ్రీకాకుళం వైపు. పెళ్ళిచూపుల దాకా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.”

“అది మీ వ్యక్తిగత లోపం. ఈ కార్యాలయం ఇకమీదట మేనరికాలను మాత్రమే నమోదు చేయగలదు. కోదండపాణీ, స్వయంగా విచారణ జరిపి, వీరు బావా మరదళ్ళో కాదో నివేదించండి. అవునని నివేదించినచో శ్రమ తగ్గును.”

అలా ఒక ప్రభుత్వ శాఖ గోడల మీద వద్దని రాసినదాన్ని, ఇంకో ప్రభుత్వ శాఖ తప్పనిసరి చేసింది. రెండు శాఖలూ ఒకే భవనంలో ఉన్నాయి. మెట్ల దగ్గర ఎదురైనప్పుడు ఒకరికొకరు నమస్కారం కూడా పెట్టుకుంటారు.

విచారణ ఆదివారం పొద్దున జరిగింది. మా ఆయన ఉన్నారు. కొడుకును చూడ్డానికి మా అత్తయ్య వచ్చి ఉన్నారు. మా నాన్న కూతురి కొత్త మిక్సీ చూడ్డానికి వచ్చారు. కోదండపాణి గారు ముందు గదిలో కుర్చీ అంచున కూర్చుని, కళ్ళజోడు నుదుటి మీంచి కిందికి దించి, పని మొదలుపెట్టారు.

“అమ్మా, ఈ పెద్దావిడను మీరు ఏమని పిలుస్తారు?”

“అత్తయ్య అని.”

“అంటే మీ నాన్నగారి చెల్లెలు.”

“కాదండీ, మా ఆయన తల్లి.”

“రెండూ ఒకరే అయితే దాన్నే మేనరికం అంటారమ్మా.”

మా అత్తయ్య ఊరుకోలేదు. “ఏటి బాబూ నువ్వనేది? నాకు తోడబుట్టినోళ్ళే లేరు. మా అమ్మకి నేనొక్కర్తెనే.”

కోదండపాణి గారి మొహం వాడిపోయింది. పాపం, ఆయన ఆశలన్నీ ఆవిడ మీదే పెట్టుకున్నట్టున్నారు. నాకూ ప్రాణం ఉసూరుమంది. నెలాఖరు దగ్గరపడింది. మా ఆయన మాత్రం గోడకు ఆనుకుని నా వైపు చూస్తూ, “మరదలా, ఇలా మంచినీళ్ళు పట్రా,” అని సాధన చేస్తున్నారు.

నేను కాఫీలు తెచ్చాను. మా అత్తయ్య మర్యాద తెలిసిన మనిషి. తన గ్లాసు ముట్టుకోకుండా ముందు మా నాన్న వైపు తిరిగి, అందరు వియ్యపురాళ్ళూ వియ్యంకుణ్ణి పిలిచినట్టే పిలిచారు. “అన్నయ్యగారూ, కాఫీ తీసుకోండి, చల్లారిపోతాది.”

మా నాన్న కూడా అలవాటు ప్రకారం, “నువ్వు తాగమ్మా చెల్లెమ్మా, నాకు వేడి పనికిరాదు,” అన్నారు.

కోదండపాణి గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆయన కళ్ళు మెరుస్తున్నాయి.

“సాక్షుల సమక్షంలో, ఎవరి ఒత్తిడీ లేకుండా, కాఫీ వేళ అన్నాచెల్లెళ్ళని రుజువైంది!”

“అది వరసకి బాబూ!” అన్నారు అత్తయ్య.

“మా ఆఫీసు కూడా వరస ప్రకారమే పనిచేస్తుందమ్మా.”

తనకు ఇన్నాళ్ళకు ఒక అన్న దొరికాడని మా అత్తయ్యకు ఎంత సంతోషం వేసిందంటే, రాఖీ పండక్కి చీర పెడతారా లేదా అని అక్కడికక్కడే అడిగేశారు. మా నాన్న మిక్సీ వైపు తిరిగిపోయారు.

సర్టిఫికెట్ వచ్చింది. దాని వెంటే ఆరోగ్యశాఖ నుంచి ఒక నర్సమ్మ కూడా వచ్చి, “ఇంత చదువుకుని మేనరికం ఎందుకు చేసుకున్నారమ్మా?” అని నన్ను గంటసేపు మందలించి వెళ్ళింది. నేను తల వంచుకుని అన్నీ విన్నాను. నా ధ్యాసంతా బదిలీల మీదే ఉంది.

బదిలీల రోజు జిల్లాలో ఉద్యోగులందరూ పౌరసేవా భవనం పై హాల్లో పోగయ్యారు. అప్పటికి శేషశయనం గారి పద్ధతి చుట్టుపక్కల జిల్లాలన్నిటికీ అంటుకుంది. ఆయనకొక శాలువా, కాలిఫ్లవర్ల దండ కూడా పడ్డాయి. ఆయన వేదిక ఎక్కి మైకు ముందు గొంతు సవరించుకున్నారు.

“సోదర సోదరీమణులారా, ఒక విచారకరమైన, కాని చరిత్రాత్మకమైన ప్రకటన. ట్రాన్స్‌ఫర్ అను పదములో రెండు అచ్చులు మాత్రమే ఉన్నవని మా పరిశీలనలో తేలింది. రీలొకేషన్ అను పదమును ప్రయత్నించాము. అందు యు లేదు. కావున ఈ సంవత్సరం బదిలీలు లేవు.”

హాలు ఒక్కసారి గొల్లుమంది. నా పక్కన ఒక డ్రిల్లు మాస్టారు బల్ల మీద తల కొట్టుకున్నాడు. మా ఆయన నా చెయ్యి పట్టుకుని, “పోనీలే నీలా, మూడేళ్ళేగా,” అన్నారు. అన్నారే గాని ఆ చెయ్యి చల్లగా ఉంది. సాయంత్రం రైలు టికెట్టు ఆయన చొక్కా జేబులోంచి బయటికి కనిపిస్తోంది. దాన్ని చూసేసరికి నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. వీళ్ళకు కావలసింది ఐదు అచ్చులే కదా, ఆ మాత్రం నేను ఇవ్వలేనా ఏమిటి అనుకున్నాను. చిన్నప్పుడు మా కోనసీమలో తుఫాను వస్తుందంటే జీపు మీద మైకు పెట్టి తిరుగుతూ చెప్పే మాట ఒకటి గుర్తొచ్చింది. జనాన్ని ఇళ్ళు ఖాళీ చేయించి, క్షేమంగా ఇంకో చోటికి చేర్చడానికి ప్రభుత్వం వారు వాడే మాట. వేళ్ళు మడిచాను. ఐదు వేళ్ళూ మడతపడ్డాయి.

లేచి నిలబడ్డాను. “సార్! ఎవాక్యుయేషన్!”

వేదిక మీద పది మంది అధికారులు పది చేతుల వేళ్ళు మడుస్తున్నారు. శేషశయనం గారు పెదవులు కదుపుతూ లెక్కించారు. లెక్కించి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“సంపూర్ణం,” అన్నారు. “అయితే విషయమేమనగా, ఎవాక్యుయేషన్‌కు ముంపు ఉండవలెను. మీ భర్త పనిచేయు కొండ ప్రాంతంలో ముంపు ఉన్నదా?”

“ఉందండీ. ఆదివారం సాయంత్రం రైలు కదిలినప్పుడల్లా.”

“తీవ్రత?”

“పెద్ద టర్కీ టవలు తడిసిపోతుందండీ.”

“రాసుకోండి కోదండపాణీ. వారానికొకసారి, క్రమం తప్పకుండా, తీవ్రమైన ముంపు. తక్షణ చర్యకై విపత్తుల శాఖకు పంపండి.”

మా ఆయన అయోమయంగానే ఆ సాయంత్రం రైలెక్కి డ్యూటీకి వెళ్ళారు. తర్వాత జరిగింది ఆయన చెబితే విన్నదే. మంగళవారం ఆయన ఒక గేదెకు పురుడు పోస్తున్నారు. కొండ దారిలో పెద్ద లారీ వచ్చి ఆగింది. అందులోంచి ఎర్ర చొక్కాల వాళ్ళు ఒక రబ్బరు పడవ దింపారు. చుట్టుపక్కల పిల్లిమొగ్గ వేస్తే తడిసేటన్ని నీళ్ళు కూడా లేవు. అయినా వాళ్ళు పడవకు గాలి కొట్టి, భుజాల మీద మోస్తూ పశువుల ఆసుపత్రి మెట్ల దాకా వచ్చారు.

“భయపడకండి డాక్టరుగారూ, మేమొచ్చేశాం,” అన్నాడు వాళ్ళ నాయకుడు.

“ఒక్క ఐదు నిమిషాలాగండి, దూడ తల బయటికొచ్చింది.”

“ముంపులో అందరూ ఇలాగే సామాన్ల మీద ఆశ చంపుకోలేరు సార్,” అని జాలిపడ్డాడట ఆయన. దూడ పుట్టేదాకా ఆగారు. మంచివాళ్ళే. తర్వాత మా ఆయనకు లైఫ్ జాకెట్ తొడిగి, పడవలో కూర్చోబెట్టి, పడవను ఎత్తుకుని లారీ ఎక్కించారు. దారిలో ఊళ్ళవాళ్ళు చేతులు జోడించి దణ్ణాలు పెట్టారట.

బుధవారం పొద్దున నేను కాలేజీకి బయల్దేరుతుంటే ఇంటి ముందు లారీ ఆగింది. ఆరెంజి రంగు జాకెట్‌లో, భుజం మీద దుప్పటి, ఒక చేతిలో పులిహోర పొట్లం, రెండో చేతిలో మంచినీళ్ళ సీసాతో మా ఆయన దిగారు. జుట్టులో గడ్డి ఉంది. అంత అందగాణ్ణి నేను జన్మలో చూడలేదు.

“బాధితుణ్ణి క్షేమంగా అందుకున్నట్టు సంతకం పెట్టండమ్మా,” అన్నాడు నాయకుడు.

పెట్టాను. ఆ పులిహోర ఇద్దరం గుమ్మంలోనే కూర్చుని తిన్నాం. ఆవాలు కాస్త మాడాయి. అయినా ఒక్క మెతుకు వదల్లేదు.

ఆయన్ను ఇప్పుడు మా ఊరి పశువుల ఆసుపత్రిలో ‘ముంపు ప్రాంతం నుండి వచ్చి ఉన్నవారు’ అని వేశారు. పక్కవీధి గేదెలకు ఆ తేడా తెలియదు. అంతా సవ్యంగా ఉందనుకుంటుండగా మొన్న కోదండపాణి గారు మా ఇంటికి వచ్చారు. ఈసారి కళ్ళజోడు చొక్కా వెనక వేలాడుతోంది. మొహం బాగా లేదు.

“అమ్మా, ముంపు తగ్గితే బాధితుల్ని మళ్ళీ సొంత చోటుకు పంపెయ్యాలని రూలుంది. ఆదివారాలు మీ టవలు పొడిగా ఉంటోందని పైకి తెలిసింది. మీవారిని కొండకు వెనక్కి పంపమని పెద్ద సారు ఆర్డరు రాయబోయారు.”

నా చేతిలో గరిటె కింద పడింది. మా ఆయన స్నానాల గదిలో పాట ఆపేశారు.

“రాశారా?”

“రాయడానికి కూర్చున్నారమ్మా. రిటర్న్‌లో రెండే అచ్చులు. రీపేట్రియేషన్ అన్నారు, అందులో యు లేదు. రెస్టొరేషన్‌లోనూ యు లేదు. రీహాబిలిటేషన్ పధ్నాలుగక్షరాల చక్కటి మాట, చూస్తే దానికీ యు లేదు. సారు రెండు రోజులుగా భోజనం చెయ్యట్లేదు. ఆఫీసంతా అదే పని మీద ఉన్నాం. మనిషిని ఇల్లు విడిపించడానికి మాట ఉంది గాని, వెనక్కి తీసుకెళ్ళి దింపడానికి మాటే దొరకట్లేదమ్మా!”

నేను గరిటె కడుక్కుని, ఆయనకు కాలిఫ్లవర్ ఆకుల కింద కొన్న వంకాయలతో వేడి వేడి కూర వేసి భోజనం పెట్టాను. ఆయన తృప్తిగా తిని, తనకు మాత్రం తొందరేమీ లేదని చెప్పి వెళ్ళారు.

కాబట్టి ప్రభుత్వ లెక్కల్లో నేను నా మేనబావను పెళ్ళాడిన ఇల్లాలిని. ఆయన ముంపు బాధితులు. ప్రతి శనివారం ఆయన పేరున ఒక పులిహోర పొట్లం వస్తుంది. లైఫ్ జాకెట్ గుమ్మం పక్క కొక్కేనికి వేలాడుతోంది. దాని కింద చెప్పులు రెండు జతలూ ఆదివారం సాయంత్రం కూడా అక్కడే ఉంటున్నాయి.

చదివేవారిలో ఇంగ్లీషు బాగా వచ్చినవారు చాలామంది ఉంటారు. వెనక్కి పంపడానికి ఐదు అచ్చులూ ఉన్న పొడవాటి మాట ఏదైనా మీకు తట్టిందా? తట్టితే మీ మేధస్సుకు నా నమస్కారం. దయచేసి ఎవరితోనూ అనకండి.